అలీ పేరుకి దీర్ఘం

పత్రికలో పనిచేసే రోజుల్లో మాకూ సినిమా పేజీ చూసే పెద్దమనిషికీ ఒక చిన్న పేచీ నడుస్తుండేది. మేం 'అలీ' అని రాసిచ్చేవాళ్లం. తెల్లారి అచ్చులో 'ఆలీ' అని వచ్చేది. ఉర్దూలో ఆ పేరు ఐన్, లామ్, యే - మూడక్షరాలు. మొదటి అచ్చు పొట్టిది. దాన్ని సాగదీస్తే అది మరో మాట, ఉన్నతమైన అని అర్థం. తెలుగులో చివరి దీర్ఘం కూడా ఎగిరిపోతే పెళ్లాం. ఆ మూడర్థాల మధ్య తేడా మేం ఎంత విడమరిచి చెప్పినా ఆ పెద్దమనిషి నవ్వి, "పోస్టర్ల మీద అట్లనే ఉంటది గదా సార్, జనానికి అట్లనే అలవాటు, వదిలేయండి" అనేవాడు. జనం అలవాటు అన్నాక మేం నోరు మూసుకునేవాళ్లం. తర్వాత టీవీ కార్యక్రమం వచ్చినా దాని పేరూ 'ఆలీతో సరదాగా' అనే వచ్చింది. ఆ పేరుగల మనిషికే పట్టింపు లేనప్పుడు మీకెందుకని అడగొచ్చు. నిజమే. అయినా ఈ వ్యాసంలో మేం 'అలీ' అనే రాస్తాం. ఇక్కడ దిద్దడానికి డెస్కు లేదు.

ఒక నటుడి పేరులో ఒక దీర్ఘం గురించి ఇంత రభస దేనికంటే, తెలుగు సినిమా నలభై ఏళ్లకు పైగా మన పేరొకటి తెర మీద చూపిస్తూ వచ్చింది. ఆ పేరుని ఎట్లా ఉంచుకుంది, ఏ షరతు మీద ఉంచుకుంది అన్నదే మా ప్రశ్న. అలీ మంచి నటుడా కాదా అన్నది అందులో ఒక భాగం మాత్రమే.

1994లో 'యమలీల' వచ్చినప్పుడు మాకు పన్నెండు, పదమూడేళ్లు. నల్లగొండలో చదువుకుంటున్నాం. ఆ వేసవి సెలవులయ్యాక బడి తెరిచేసరికి క్లాసులో ఉన్న నలుగురు సాయిబుల పిల్లల పేర్లూ పోయాయి. నలుగురం అలీలమే అయిపోయాం. "ఒరేయ్ అలీ, ఇటు రారా" అంటే నలుగురం తల తిప్పేవాళ్లం. దాని మీద మాకేమీ కోపం రాలేదు. ఎందుకంటే అంతకుముందు ఏడాదిన్నరగా, 1992 డిసెంబరు 6 తర్వాత, మమ్మల్ని పిలిచిన పేర్లు వేరు. పాకిస్తానోడు అన్నది అందులో మెత్తటి పేరు. క్రికెట్ ఉన్న రోజు మరీను. ఆ లెక్కన అలీ కావడం మాకు ప్రమోషనే. పోయిన డిసెంబరులో మాతో మాట్లాడ్డం మానేసిన పిల్లవాడు ఈ జూన్‌లో భుజం మీద చెయ్యేసి అలీ స్టెప్పు వెయ్యమంటే వేశాం. నవ్వారు. నవ్విస్తే దగ్గరికి రానిస్తారన్న సంగతి మాకు అప్పుడే తెలిసింది. ఆ తెలివి మా వయసు వాళ్లని చాలామందిని చాలాకాలం వదల్లేదు. ఆఫీసుల్లో, అద్దె ఇళ్ల గుమ్మాల ముందు, రైల్లో ఎదుటి సీటాయన పేరడిగినప్పుడు, మేం ముందు ఒక జోకు వేసి తర్వాత పేరు చెప్పడం నేర్చుకున్నాం.

అందుకని అలీ గురించి రాయడమంటే మాకు మా గురించి రాయడమే. విమర్శకి ఉండాల్సిన దూరం ఇక్కడ లేదని ముందే ఒప్పుకుంటున్నాం.

1968లో రాజమండ్రిలో పుట్టిన అలీ ఒక దర్జీ కొడుకు. ఊళ్లో పాటల బృందం నడిపే జిత్‌మోహన్ మిత్రా చేరదీశాడు. కె. విశ్వనాథ్ 'ప్రెసిడెంట్ పేరమ్మ' షూటింగుకని ఆ ఊరొచ్చినప్పుడు ఈ పిల్లవాడు కంటపడ్డాడు. అది 1979. తర్వాత రెండేళ్లకి భారతీరాజా 'సీతాకోక చిలుక'. అది ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చుకుంది, అలీకి బాలనటుడిగా నంది వచ్చింది. ఆ సినిమాని ఇవాళ చూసినా హీరో చుట్టూ తిరిగే కుర్రాళ్ల గుంపులో మన కన్ను ముందు ఆ చిన్నవాడి మీదే పడుతుంది. పెద్దవాళ్ల మాటలు పెద్దవాళ్ల కన్నా నిబ్బరంగా మాట్లాడతాడు. కెమెరాకి భయపడడు. ముద్దు పలుకులు పలకడు. మన సినిమాల్లో బాలనటులకి నేర్పే ఆ సన్నటి ఏడుపు గొంతు అతనికి లేదు. వీధిలో పెరిగిన పిల్లవాడి గొంతు అది.

ఆ కథ ఒక బ్రాహ్మణ కుర్రాడూ, ఒక క్రైస్తవ పిల్లా ప్రేమించుకోవడం గురించి. చివర అతను జంధ్యం తెంపేస్తాడు, ఆమె సిలువ తీసేస్తుంది. హాలు చప్పట్లు కొడుతుంది. రెండు మతాల గుర్తులు నేలమీద పడ్డ ఆ సినిమాలో మూడో మతం పిల్లవాడు కూడా ఉన్నాడు. అతను తీసి పారెయ్యాల్సిందేమీ కనపడదు. కథ లోపల అతని మతమే లేదు. అతని మతం టైటిల్ కార్డులో ఉంది. అక్కడ పేరు పడుతుంది, తెర మీదకొచ్చేసరికి ఆ పేరు మాయమవుతుంది. తర్వాత నలభై ఏళ్లు నడిచిన ఏర్పాటు పన్నెండేళ్ల వయసులోనే కుదిరిపోయింది.

అయితే ఇది అలీ ఒక్కడికి జరిగిన వింత అనుకోకూడదు. మన పూర్వులకి అసలు పేరే మిగల్లేదు. ముంతాజ్ జహాన్ బాలనటిగా వచ్చి మధుబాల అయింది. మహ్‌జబీన్ బాలనటిగా వచ్చి మీనాకుమారి అయింది. యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్. బద్రుద్దీన్ జమాలుద్దీన్ కాజీ తాగని సారాయి పేరు పెట్టుకుని జానీవాకర్. వాళ్ల ముందు అలీ అదృష్టవంతుడు. పోస్టరు మీద దీర్ఘంతోనైనా తన పేరే పడింది. కానీ హిందీలో వాళ్లు పేరు మార్చుకుని పెద్దవాళ్లయ్యారు. అలీ పేరు ఉంచుకుని పెద్దవాడు కావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇంకో ఉదాహరణ చూడండి. నయీం సయ్యద్ అనే పిల్లవాడికి మెహమూదే స్వయంగా 'జూనియర్ మెహమూద్' అన్న పేరిచ్చాడు. 2023 డిసెంబరులో, 67 ఏళ్ల వయసులో చనిపోయేనాటికి కూడా అతను జూనియరే. పత్రికలు సంతాప వార్తలో కూడా జూనియర్ అనే రాశాయి. బాలనటుడికి సినిమా పెట్టే శిక్ష అది.

గొంతు మారే వయసులో బాలనటుడికి పని పోతుంది. చొక్కా పొట్టిదవుతుంది, మీసం మొలుస్తుంది, డైరెక్టరు ఇంకో పిల్లవాణ్ణి వెతుక్కుంటాడు. ఆ గండం దాటినవాళ్లు ఎక్కువగా అందగాళ్లు, అందగత్తెలు. 'అంజలి'లో చేసిన తరుణ్ పదేళ్లకి 'నువ్వే కావాలి'తో హీరో అయ్యాడు. శ్రీదేవి సంగతి చెప్పనక్కర్లేదు. దర్జీ కొడుక్కి ఆ తలుపు తీసి లేదు. అతను ప్రక్కదారిన, హాస్యం తలుపు నుంచి వచ్చాడు. ఆ తలుపు చిన్నది. వంగి రావాలి.

ఇక్కడ భాష గురించి ఒక మాట చెప్పుకోవాలి. తెలుగు సినిమాలో ముస్లింని గుర్తుపట్టేది ముఖ్యంగా చెవితో. "అరే భాయ్" అని మొదలై, లింగం తప్పి, క్రియ తలకిందులై, హైదరాబాద్ పాతబస్తీని ఎప్పుడూ చూడని రచయిత ఊహించుకున్న ఒక విరిగిన తెలుగు ఉంటుంది. అది మాట్లాడితేనే తెర మీద ముస్లిం. మా ఇళ్లల్లో మేం దక్కనీ మాట్లాడతాం, వీధిలోకి వస్తే నల్లగొండ తెలుగు మాట్లాడతాం. రెండూ విరగవు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల ముస్లింలలో ఎంతోమందికి ఇంట్లోనూ తెలుగే. దూదేకుల వాళ్ల సంగతి సరేసరి. అలీ తెలుగు చక్కటి గోదావరి తెలుగు. ఆ యాస, ఆ వెటకారం, మాట చివర ఆ విరుపు - అన్నీ రాజమండ్రివి. అందుకనే పరిశ్రమకి అతనిలో ముస్లిం వినిపించలేదు. వినిపించలేదు కాబట్టి అలాంటి పాత్ర ఇవ్వాలని తోచలేదు. చక్కటి తెలుగు మాట్లాడే ముస్లిం అన్న మనిషి తెలుగు సినిమా ఊహలో లేడు. కళ్ల ముందు మేకప్ వేసుకుని కూర్చున్నా లేడు.

మరి అలీ నోట ప్రసిద్ధమైన మాటలేవి? 'ఎంద చాట', 'కాట్రవల్లి' లాంటివి. తొంభైలలో ఊరూరా పిల్లలు అనేవాళ్లు. అవి తెలుగు కావు, ఉర్దూ కావు. వినడానికి కాస్త మలయాళం చప్పుడు. ఏ భాషకీ చెందని మాటలతో ఒక ముస్లిం కుర్రాడు తెలుగు జనాన్ని నవ్వించాడు. దీనికి పెద్ద సిద్ధాంతం కట్టబోవడం లేదు. రెండు భాషల మధ్య పెరిగినవాళ్లకి మాత్రం ఎక్కడో చుక్కుమంటుంది. బడిలో ఉర్దూ మాట నోరు జారితే నవ్వేవాళ్లని తప్పించుకోవడానికి మేమూ అట్లాంటి అర్థం లేని మాటలే అనేవాళ్లం.

ఇక 'యమలీల'. ఎస్.వి. కృష్ణారెడ్డి సినిమా. కైకాల సత్యనారాయణ యముడు, బ్రహ్మానందం చిత్రగుప్తుడు, మంజుభార్గవి తల్లి, ఇంద్రజ హీరోయిన్. భవిష్యవాణి అనే పుస్తకం పైలోకం నుంచి జారి భూమ్మీద పడుతుంది, సూరి అనే కుర్రాడికి దొరుకుతుంది. రేపటి సంగతులు చదువుకుని బాగుపడతాడు. ఒకరోజు తల్లి చావు అందులో చదువుతాడు.

హాస్యనటుడు హీరో వేషం వేస్తే ఎట్లా ఉంటుందని చూడబోయిన జనానికి అలీ ఏడ్చి చూపించాడు. ఆ సినిమా నిలబడింది యముడి గదతో కాదు, ఆ ఏడుపుతో. తల్లికి తెలియకుండా ఆమె చావు సంగతి కడుపులో దాచుకుని, ఆమె ముందు నవ్వుతూ తిరగాల్సిన కొడుకు. హాస్యనటుడి బతుకే అది కదా. అందుకే అలీకి ఆ సన్నివేశాల్లో నటించాల్సిన అవసరం పెద్దగా రాలేదనిపిస్తుంది. మా అమ్మీ ఆ సినిమా రెండుసార్లు చూసింది. యముడెవరో చిత్రగుప్తుడెవరో పక్కింటి వదినె చెవిలో చెప్పింది. ఆమె ఏడ్చింది మాత్రం చెవిలో చెప్పినదానికి కాదు. ఇంటికొచ్చాక, "అచ్చం మనింటి పిల్లగాడే" అంది. తెరమీద మనింటి పిల్లగాణ్ణి చూడటం ఆమెకి అదే మొదలు. కానీ ఆ పిల్లగాడి పేరు సూరి.

ఆ వైరుధ్యాన్ని అప్పుడు మేం గమనించలేదు. ఇప్పుడు గమనిస్తే రెండు రకాలుగా అనిపిస్తుంది. డిసెంబరు 6 జరిగి ఏడాదిన్నర తిరక్కముందే తెలుగు ఇళ్లల్లో ఆడవాళ్లు ఒక దర్జీ సాయిబు కొడుకు తల్లి కోసం ఏడుస్తుంటే తామూ ఏడ్చారు. యముడి కథలో అతన్ని కొడుకుగా ఒప్పుకోవడానికి ఎవరికీ అడ్డం రాలేదు. ఈ నేల మీద అప్పటికింకా మిగిలి ఉన్న మంచితనం అది, దాన్ని తక్కువ చెయ్యం. రెండోది, ఆ ఏడుపు సూరి పేరున వచ్చింది కాబట్టే వచ్చిందా? అదే కొడుకు పేరు సలీం అయి, ఆ తల్లి నమాజు చదువుతుంటే, హాలు అంతగా ఏడ్చేదా? ఎవరూ ఆ పరీక్ష పెట్టలేదు. పెట్టి ఉంటే నెగ్గేదేమో కూడా. పరీక్ష పెట్టకుండానే ఫలితం రాసేసుకోవడం పరిశ్రమ అలవాటు.

'యమలీల' తర్వాత హీరోగా 'ఘటోత్కచుడు', 'పిట్టలదొర' వగైరా వచ్చాయి. 'పిట్టలదొర' పేరే ఒక వ్యాసానికి సరిపోతుంది. మా జిల్లాల్లో పిట్టలదొరని లత్కోర్ సాబ్ అంటారు. చిరిగిన ఖాకీ, చెక్క తుపాకి, లక్షల కోతలు, చివరికి చెయ్యి చాపడం. 'సాబ్' అన్న మాటని తెలుగు పల్లె ఎట్లా ఆడుకుందో చెప్పే వేషం. ఆ వేషంలోని లోతు ఆ సినిమాకి పట్టలేదు. అక్కడితో ఆ సంగతి వదిలేద్దాం.

హీరో వేషాలు ఆగిపోయాక అలీ ఎక్కువగా హీరో స్నేహితుడయ్యాడు. 'తొలిప్రేమ', 'తమ్ముడు', 'బద్రి', 'ఖుషి' - పవన్ కల్యాణ్ పక్కన అతను లేని సినిమా అప్పట్లో ఊహించలేం. మన సినిమాల్లో హీరో స్నేహితుణ్ణి ఎప్పుడైనా గమనించారా? అతనికి ఇల్లుండదు. అమ్మా నాన్నా కనపడరు. పండగ రోజు ఏ ఇంట్లో తింటాడో తెలియదు. హీరో ప్రేమలో పడితే నవ్విస్తాడు, దెబ్బలు తినాల్సి వస్తే తింటాడు. 'యమలీల'లో తల్లి కోసం ఏడ్చినవాడికి ఆ తర్వాత తల్లే లేకుండా పోయింది. ఇది ముస్లిం నటుడు కాబట్టి జరిగిందని మేం అనడం లేదు. సునీల్‌కీ వేణుమాధవ్‌కీ కూడా ఇల్లుండేది కాదు. కానీ వాళ్ల ఇళ్లు ఆ సినిమాలో ఇంకెక్కడో, హీరో ఇంటి రూపంలో ఉన్నాయి. అదే దేవుడి గది, అదే ముగ్గు, అదే పండగ. మా ఇల్లు హీరో ఇంట్లోనూ లేదు, స్నేహితుడికీ లేదు.

ఉన్నచోట ఎవరున్నారో చూడండి. 2002లో 'ఖడ్గం'. పాతబస్తీ ఆటోడ్రైవరు అమ్జద్‌గా ప్రకాశ్‌రాజ్. తమ్ముడు అజహర్ ఉగ్రవాది అవుతాడు, అన్న దేశభక్తి నిరూపించుకోవాలి. ప్రకాశ్‌రాజ్ బాగా చేశాడు, అందులో సందేహం లేదు. తెలుగు సినిమాలో ముస్లిం మనిషికి గుండె, కోపం, కుటుంబం ఇచ్చిన కొద్ది పాత్రల్లో అదొకటి. కానీ ఆ కోపం రావడానికి ముందు దేశం మీద ప్రమాణం చెయ్యాలి. నవ్వించే ముస్లిం కావాలంటే అలీ ఉన్నాడు, అయితే అతను తెర మీద ముస్లిం కాడు. తెర మీద ముస్లిం కావాలంటే అతను ప్రమాణం చేసేవాడో బాంబు పెట్టేవాడో కావాలి. ఈ రెంటికీ మధ్య ఉదయం ఫజర్ చదివి, మిషను మీద జేబులు కుట్టి, సాయంత్రం కొడుకుని సినిమాకి తీసుకెళ్లే దర్జీ ఎక్కడ? ఆ దర్జీ రాజమండ్రిలో నిజంగా ఉన్నాడు. అతని కొడుకు వెయ్యికి పైగా సినిమాలు చేశాడంటారు. వాటిలో మేం చూసినన్నింటిలో ఆ తండ్రి మాకు కనపడలేదు.

ఆ తర్వాత హైదరాబాద్ కుర్రాళ్లు 'ది అంగ్రేజ్' తీసుకున్నారు. దక్కనీలో, తమ చౌరస్తాలో, తమ మీద తామే వేసుకున్న జోకులు. మేం కడుపుబ్బ నవ్వాం. మనల్ని చూసి మనమే నవ్వుకోవడం ఎంత హాయో అప్పుడు తెలిసింది. దాని సాంకేతిక లోపాలు బోలెడు. అయినా అందులో సలీం ఫేకూకి వీధి ఉంది, హోటలుంది, చాయ్ ఉంది.

2006లో 'పోకిరి'లో అలీ బిచ్చగాళ్ల నాయకుడు. ఆ రోజుల్లో కామెడీ ట్రాకు అన్నది విడిగా తయారయ్యేది. కథకి దానితో పని ఉండదు, తీసేసినా కథ ఆగదు. నటుడు కొన్ని రోజుల కాల్‌షీట్లిచ్చి, వచ్చి చేసి వెళ్లిపోతాడు. పూరి జగన్నాథ్ సినిమాల్లో అలీ చేసిన ఇట్లాంటి వేషాలకి హాలు ఊగిపోయేది. మేమూ నవ్వాం. కానీ 2007లో 'చిరుత'లో నచ్చిమి పాత్ర దగ్గర మా నవ్వు గొంతులో అడ్డం పడింది. ఆడంగి నడక, ఆడంగి మాట, వాటి మీద హీరో దగ్గర్నుంచి అందరి వెటకారం. ఇతరుల నవ్వు కింద నలిగిన సమూహం నుంచి వచ్చినవాడు మరో నలిగిన సమూహాన్ని నవ్వు కింద పెట్టడానికి ఒళ్లిచ్చాడు. రాసినవాళ్లది, తీసినవాళ్లది ఎక్కువ తప్పు. చేసినవాడిది తక్కువ తప్పేగానీ, తప్పు కాకుండా పోదు.

అట్లాగే 2010ల తర్వాత పాటల వేడుకల్లో మైకు పట్టుకుని నటీమణుల ఒంటి గురించి అతను మాట్లాడిన మాటలు. వాటి మీద విమర్శ గట్టిగానే వచ్చింది, రావాల్సిందే. మనవాడని వెనకేసుకురాలేం. అప్పుడు మాకు ఒక తమాషా కనపడింది. ఇరవై ఏళ్లు 'మన అలీ' అన్న నోళ్లే ఆ వారం మా ఫోన్లకి 'మీ అలీ ఏమన్నాడో చూశారా' అని పంపాయి. మెచ్చుకున్నప్పుడు మనవాడు, తిట్టాల్సి వచ్చినప్పుడు మీవాడు. అతని నోటి తప్పుకి మేం సంజాయిషీ ఇచ్చుకున్నాం. సంజాయిషీ ఇచ్చుకోవడం మాకు కొత్తేం కాదు కాబట్టి పెద్దగా కష్టమనిపించలేదు.

ఒక పాత స్నేహితుడైతే మరో రకం మెప్పు మెచ్చాడు. "మీరూ అలీ లెక్కనే, అసలు ముస్లింలనిపించరు." ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమకి ఏం జవాబు చెప్పాలో మాకు ఇంతవరకూ తెలియలేదు.

టెలివిజన్ దగ్గరికి వద్దాం. 2016లో ఈటీవీలో 'ఆలీతో సరదాగా' మొదలైంది. మొదట పేరు చూసి మేం పెద్దగా పట్టించుకోలేదు. సరదా అన్నారు కదా, మళ్లీ అదే కోతి ఆట అనుకున్నాం. పొరపడ్డాం. అలీ చేసిన పనిలో 'యమలీల' తర్వాత మేం నిలబడి మెచ్చుకునేది ఇదే.

అక్కడ అతను నవ్వించే కుర్చీలోంచి లేచి అడిగే కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా కూర్చున్నవాళ్లలో పెద్ద పేర్లూ ఉన్నాయి, జనం మర్చిపోయిన పేర్లూ ఉన్నాయి. ఎవరు వచ్చినా అలీకి వాళ్లు ఎక్కడో తగిలినవాళ్లే. పదేళ్ల వయసు నుంచి సెట్ల మీద పెరిగిన పిల్లవాడు కదా. ఎవరి ఇంట్లో అన్నం తిన్నాడో, ఎవరు కారెక్కించుకున్నారో, ఎవరు విసుక్కున్నారో అన్నీ గుర్తు. మద్రాసు నుంచి హైదరాబాద్‌కి పరిశ్రమ తరలివచ్చిన చరిత్రకి అతని జ్ఞాపకం ఒక దస్త్రం. సినిమా చరిత్ర రాసేవాళ్లు ఆ ఎపిసోడ్లు ముందేసుకోవాల్సిందే. మామూలు యాంకర్లు చీటీ చూసి అడిగే ప్రశ్నని అతను చీటీ లేకుండా, నెమ్మదిగా, ఎదుటి మనిషి సిగ్గుపడకుండా అడిగేవాడు. ఎదుటివాళ్లు ఏడిస్తే తొందరపడి జోకు వెయ్యకుండా ఆగడం అతనికి తెలుసు. హాస్యనటుడికి అది ఎంత కష్టమో ఊహించండి.

అట్లాగని అంతా మెచ్చేదే కాదు. టీవీ టీవీయే. ఆ కన్నీళ్లని కత్తిరించి, కింద సంగీతం పరిచి, వారమంతా ప్రోమోలుగా తిప్పేవాళ్లు. పాత తగాదాలు తవ్వించడం, విడిపోయిన మొగుడూ పెళ్లాల సంగతులు లాగడం కూడా నడిచాయి. అయినా మాకు గుర్తుండేది ఒకటే. అర్ధ శతాబ్దం వయసు వచ్చాక ఆ బాలనటుడు తెర మీద పెద్దమనిషిగా కూర్చున్నాడు. ఎవరూ అతని నెత్తి మీద కొట్టలేదు.

రాజకీయం సంగతి ఒక్క పేరాలో. 2019 మార్చిలో వైఎస్సార్ కాంగ్రెస్‌లో చేరాడు. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి ఎలక్ట్రానిక్ మీడియా సలహాదారయ్యాడు. 2024 జూన్‌లో, ఎన్నికల్లో ఆ పార్టీ ఓడాక, రాజీనామా చేశాడు. సినిమా నలభై ఏళ్లు పక్కన పెట్టిన అతని మతం రాజకీయ విశ్లేషకులకి మొదటి రోజే పనికొచ్చింది. తెర మీద సూరి అయినవాడు పార్టీ కండువా వేసుకునేసరికి మైనారిటీ అయ్యాడు. ఆ పదవులతో మా బస్తీకి ఒరిగిందీ లేదు, తరిగిందీ లేదు.

మాలో కొందరు మిత్రులు అలీని నిలదియ్యాలంటారు. ఇంత పేరుండి మన గురించి ఒక్క మాట మాట్లాడాడా అని. మేం ఒప్పుకోం. ఒక దర్జీ కొడుకు, చదువు మానేసి పదేళ్లకే సంపాదనలో పడ్డవాడు, మొత్తం జాతి బరువు మొయ్యాలని అడగడం న్యాయం కాదు. చిరంజీవిని కాపుల గురించి, నాగార్జునని కమ్మల గురించి మాట్లాడమని ఇంటర్వ్యూలో ఎవరడుగుతారు? పాత్రలు రాసే బల్ల దగ్గర మనవాళ్లెవరూ లేరు, అడగాల్సింది ఆ బల్లని. ఈ మాట చెప్పినప్పుడు ఆ మిత్రులు, మీరు చిన్నప్పుడు వేసిన స్టెప్పుని కాపాడుకుంటున్నారంటారు. అదీ నిజమే కావచ్చు.

2022 అక్టోబరులో ఒక చిన్న సినిమా ఆహాలో వచ్చింది. 'అందరూ బాగుండాలి అందులో నేనుండాలి'. అలీ సొంతంగా తీసుకున్న సినిమా, 2019 నాటి మలయాళం 'వికృతి'కి రీమేక్. అందులో అతను దుబాయ్ నుంచి వచ్చిన కుర్రాడు, పేరు సమీర్. మెట్రో రైల్లో ఒళ్లు తెలియకుండా పడుకున్న ఒక మనిషిని చూసి, తాగి పడున్నాడనుకుని ఫోటో తీసి లోకానికి పంపుతాడు. లోకం నవ్వుతుంది. ఆ మనిషి తాగలేదు. అతనికి మాట రాదు, వినపడదు, అలసిపోయి నిద్రపోయాడు. ఆ పాత్ర నరేశ్ చేశాడు. ఒక మనిషిని నవ్వులపాలు చేసినవాడు తర్వాత పోలీసులంటే, పాస్‌పోర్టు అంటే, దుబాయ్ ఉద్యోగమంటే వణుకుతూ తిరుగుతాడు.

సినిమాగా అది గొప్పదేం కాదు. మలయాళంలో సన్నగా తీసిందాన్ని ఇక్కడ కాస్త ఉప్పూ కారం ఎక్కువేసి వండారు. అలీ వయసు కూడా ఆ కుర్రాడి వయసు కాదు. ముస్లిం పాత్ర కూడా పొరుగు భాష నుంచి దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది, అక్కడ ముందే రాసి ఉంది కాబట్టి వచ్చింది. ఇవన్నీ నిజమే. కానీ నిఖా, అత్తమామలు, ఇంట్లో సలాము, పెళ్లి మాటలు, వీటన్నిటి మధ్య ఒక మామూలు తప్పు చేసి మామూలుగా భయపడే ముస్లింగా ఆ ముఖాన్ని చూడటం మాకు కొత్త. దేశం మీద ప్రమాణం చెయ్యడు. బాంబు పెట్టడు. ఒక చెత్త పని చేస్తాడు, దాన్ని ఎట్లా సరిదిద్దుకోవాలో తెలియక నిద్ర పట్టక తిరుగుతాడు. 'యమలీల'లో తల్లి ముందు నవ్వు ముఖం పెట్టుకుని తిరిగిన ఆ కళ్లే ఇవి. ముప్ఫై ఏళ్లు పెద్దవయ్యాయి.

అమ్మీకి ఇప్పుడు చూపు ఆనడం లేదు. ఫోన్‌లో పెట్టి చూపించాం. పావుగంట చూసి, "వీడి పేరేంది ఇందులో?" అని అడిగింది. చెప్పాం. మళ్లీ చెప్పమంది. కాసేపాగి, "నవ్వియ్యడా?" అంది. ఇందులో నవ్వించడన్నాం.

కళ్లజోడు తెమ్మంది.